చెత్తబుట్టకు మట్టికుండ

"స్టవ్ ఆపుతవా, నేనొచ్చి ఆపాల్నా? గిన్నె లేదు, గంటె లేదు, ఉత్త మంట ఎవరి కోసమే?"

"రెండే నిమిషాలు నానమ్మా! మంట ఫొటో తియ్యాలె."

"మొన్న నీళ్ల ఫొటో అని నల్లా తిప్పి పెట్టినవు. నిన్న గాలి అని ఫ్యాను. రేపు భూమి అని ఇల్లు తవ్వుతవా?"

"తవ్వ. మట్టి క్యాంపస్‌ల మస్తుగున్నది."

నేనే వెళ్లి స్టవ్ కట్టేశాను. నా మనవరాలు తార్నాకలోని మా ఇంటి నుంచి యూనివర్సిటీకి నడిచి వెళ్లి చదువుకుంటుంది. కంప్యూటర్ తెరవగానే కనబడే బొమ్మలన్నీ పంచభూతాల మీద తయారు చేసి చూపించాలట. ఒకసారి చూపిస్తే వాళ్ల సారు, ఏ బొమ్మ ఎందుకు పెట్టావో చెప్పలేకపోతున్నావని తిప్పి పంపాడు. రేపు పొద్దున రెండోసారి చూపించాలి. అదీ కాదంటే ఆ సబ్జెక్టు పోయినట్టే.

అది మూతి ముడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. నేనూ పక్కన కుర్చీ వేసుకున్నాను. నాది మూడో తరగతి చదువే అయినా బొమ్మలకు అది చాలు. వెనకంతా ఆకాశం. ఉత్తరాలకు గాలి, పాటలకు నీళ్లు. బాగానే ఉంది. మూలన ఒక మంట.

"ఇదేంది?"

"చెత్తబుట్ట. వద్దనుకున్నయి అండ్ల పడేస్తం."

"మళ్ల కావాల్నంటే?"

"తీసుకోవచ్చు."

"నిప్పుల పడ్డది మళ్లెట్ల వస్తదే?"

అది మంట బొమ్మను మూల నుంచి పక్కకు జరిపింది.

మా బాల్కనీలో ఒక కుండ ఉంది. కూరగాయల తొక్కలు అందులో వేసి మట్టి కప్పుతాను, కరివేపాకు చెట్టుకు ఎరువు. పోయిన నెలలో వెండి చెంచా కనబడక వారం రోజులు ఇంట్లో ఒక్కొక్కరినీ నిలదీశాను. చివరికి ఆ కుండలోనే దొరికింది. తొక్కలతో పాటు వేసింది నేనే.

"కుండ పెట్టు. మట్టిల వేసింది దొరుకుతది. నా చెంచా దొరకలే?"

"మమ్ముల దొంగల్ని చేసిన చెంచానా?"

"పని చూడు."

"మరి మంట?"

"మొత్తానికే తీసేసేది ఏమన్న ఉంటే దానికి పెట్టు. పప్పు పొయ్యి మీద పెడత, అప్పుడు ఎన్ని ఫొటోలైనా తియ్యి."

మర్నాడు పొద్దున అది వెళ్లి బొమ్మలు చూపించింది. చెత్తబుట్టకు కుండేమిటని సారు అడిగితే చెంచా సంగతంతా చెప్పేసింది. క్లాసంతా నవ్విందట. సారు బొమ్మల కింది అక్షరాలు కొంచెం పెద్దవి చేయమని చెప్పి, పాస్ చేశాడు. ఇంటికి రాగానే టీ అడిగింది. గిన్నెలో నీళ్లు పోశాకే స్టవ్ వెలిగించాను.