చక్రపాణి గదిలో చేపల తొట్టి

ఆలూరులో క్యారెట్ పండించే రామచంద్రయ్య కూతురు అరుణశ్రీ చేవెళ్లలో డిగ్రీ చదివింది. క్యాన్సర్ రోగికి రేడియేషన్ ఎంత ఇవ్వాలో లెక్కగట్టి, మిషన్ అంతే ఇస్తోందా లేదా అని కొలిచే ఉద్యోగం ఒకటి ఉంటుందని తెలిసి, మొయినాబాద్ అవతల ఒక ప్రైవేటు కాలేజీలో మెడికల్ ఫిజిక్స్ ఎమ్మెస్సీలో చేరింది. ఇంట్లో ఎవరికీ ఆ చదువు పేరుకి నోరు తిరగలేదు. "డాక్టర్‌వి కావు, నర్సువి కావు, మరి దవాఖానల నువ్వేందే?" అని తల్లి బాలనర్సమ్మ అడుగుతూ ఉండేది.

కొలత నీళ్లలో చేస్తారు. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి, మనిషికి బదులు నీళ్లు నింపిన తొట్టిని మిషన్ కింద పెడతారు. వేలంత కొలత పరికరాన్ని అందులోకి దించి, రేడియేషన్ ఎంత పడుతోందో చూస్తారు. పుస్తకంలో అలాగే ఉంది. కాలేజీ వాళ్ల తొట్టి మాత్రం హెచ్‌వోడీ చక్రపాణి గదిలో ఉండేది. అందులో ఆయన చేపలు పెంచుకునేవాడు. అడుగున రంగురాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు. విద్యార్థుల ప్రాక్టికల్స్ అన్నీ తెర మీద బొమ్మలతోనే అయిపోయాయి.

చదువు ముగింపుకొచ్చాక, కాలేజీ గుర్తింపు కోసం తనిఖీ వాళ్లు వస్తున్నారని కబురందింది. చక్రపాణి చేపల్ని బకెట్లోకి మార్పించి, తొట్టి కడగమని అరుణశ్రీకి, ఆమె క్లాస్‌మేట్ మమతకు పురమాయించాడు. మూలల్లో పచ్చటి జిగురు, వేళ్లకు అంటుకునే పాకుడు, కుళ్లిన మేత కంపు. మమత ముక్కుకు చున్నీ చుట్టుకుని, "మనిషి బాడీకి బదులంటే ఇదేనానే? కంపు మాత్రం కరెక్టుగ సరిపోయింది" అంది. అరుణశ్రీకి నవ్వు రాలేదు. సబ్బుతో ఎంత రుద్దుకున్నా, అన్నం ముద్ద నోటిదాకా తెచ్చేసరికి అదే వాసన.

ఆ పైన పెద్దాసుపత్రిలో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. అది లేకపోతే ఆ డిగ్రీ దేనికీ పనికిరాదు. ఎవరిని పంపాలన్నది చక్రపాణి ఇష్టం. కడిగిన తొట్టి పక్కన ఇద్దర్నీ నిలబెట్టి ఆయన మెత్తగా చెప్పాడు.

"ప్రతి శనివారం దీన్ని హాస్పిటల్‌కి తీసుకెళ్లి కొలుస్తున్నామని తనిఖీ వాళ్లకు చెప్పండి, చాలు. ఇంటర్న్‌షిప్ రాకపోతే ఏం చేస్తావమ్మా అరుణా? ఆలోచించుకో."

తనిఖీకి వచ్చినాయన తొట్టి అంచు మీద వేలు ఆనించి, నువ్వు దీంట్లో కొలిచావా అని అరుణశ్రీని అడిగాడు. కొలిచిన సార్ అంది. ఎంత వచ్చిందని అడిగితే ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. ఆయన అడగలేదు. చిన్న మంగళారం ఫామ్‌హౌస్‌లో భోజనాలు ఎన్నింటికని చక్రపాణిని అడిగాడు. నాటుకోడి చేయించామని చక్రపాణి చెప్పాడు. అరుణశ్రీ బయటికొచ్చి కుళాయి దగ్గర ఉమ్మింది. వాళ్ల మీద ఎంత రోత పుట్టిందో, తన నోటి మీద అంతకంటే ఎక్కువ పుట్టింది.

ఇంటర్న్‌షిప్ వచ్చింది. ఆసుపత్రిలో సీనియర్ ఫిజిసిస్టు జ్ఞానేశ్వర్ మొదటి రోజు పొద్దున్నే మిషన్ కింద నీళ్లు నింపిన తొట్టి పెట్టి, కొలత పరికరం ఆమె చేతికిచ్చి బిగించమన్నాడు. తలుపు అవతల బెంచీల మీద రోగులు కూర్చుని ఉన్నారు. గుండు మీద కండువా కప్పుకున్న ఒక ముసలామె లోపలికే చూస్తోంది. పరికరాన్ని ఎటు తిప్పి పట్టుకోవాలో కూడా అరుణశ్రీకి తెలియలేదు.

"నాకు రాదు సార్. వచ్చని అబద్ధం చెప్పి వచ్చిన."

ఆయనకు కోపం రాలేదు. పరికరం తీసుకుని తానే బిగించసాగాడు.

"మీ కాలేజీల చదివినోళ్లు ఏటా వస్తరు. రాదన్నది నువ్వొక్కదానివే."

"మిగతావాళ్లు ఏం జేసిన్రు సార్?"

"ఏమున్నది? ఏడాది వెనక నిలబడి చూసిన్రు, సర్టిఫికెట్ తీసుకొని పోయిన్రు. ఇప్పుడు తలా ఒక దవాఖానల డ్యూటీ చేస్తున్నరు."

"సర్టిఫికెట్ మీద సంతకం ఎవరు పెట్టిన్రు?"

జ్ఞానేశ్వర్ తొట్టిలో నీటిమట్టం చూస్తూ, "నేనే" అన్నాడు.

అన్నం ముద్ద దగ్గరి ఆ పాకుడు వాసన మళ్లీ వచ్చినట్టయింది. అయినా ఆమె తొట్టి దగ్గరికి జరిగి కుర్తా చేతులు పైకి మడుచుకుంది.

"నాకు ఈ పని వచ్చేదాక నా సర్టిఫికెట్ మీద సంతకం పెట్టకున్రి సార్."