జపాను మేడమ్ ఇచ్చిన యాళి

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో మ్యూజియం బొమ్మలు చూపిస్తుంటే, ఏనుగు తొండమూ పులి పాదాలూ ఉన్న ఉసిరికాయంత బొమ్మ ఒకటి కనబడేసరికి, నా చెయ్యి నాకు తెలియకుండానే నడుము దగ్గరికి పోయింది.

పెళ్లికి ముందు నేను హిందూపురంలో పట్టుపురుగుల శిక్షణ కేంద్రంలో పనిచేసేదాన్ని. పెంపకం నేర్పడానికి జపాను నుంచి వచ్చిన ఒక మేడమ్ నన్ను తోడు పెట్టుకుని ఊళ్లన్నీ తిరిగేది. ఒక ఆదివారం లేపాక్షికి తీసుకుపోతే, సింహం ఒంటికి ఏనుగు తొండం పెట్టి చెక్కిన యాళిని చూసి పకపకా నవ్వి, తన సంచి తాడుకు కట్టుకున్న చిన్న కొయ్యబొమ్మను విప్పి చూపించింది. పూర్వం వాళ్ల బట్టలకు జేబులుండేవి కావట. నడికట్టుకు సంచి వేలాడదీసి, తాడు జారిపోకుండా పైన ఇలాంటి చెక్కడపు బొమ్మను బిగించేవారట. అది ఆమె ముత్తాతది, చేతుల రాపిడికి చింతగింజలా నునుపు తేలింది. బొమ్మకూ యాళిలాంటి తొండమే, ఆ జంతువు పీడకలలను తినేస్తుందని చెప్పింది.

నన్ను ఏడాది శిక్షణకు జపాను పంపడానికి ఆమే అన్నీ మాట్లాడింది. పెనుకొండలో ఉన్న మా నాయన మాత్రం ఒప్పుకోలేదు. "సముద్రం దాటి యాడికి పోతావమ్మా? ఈడ లేని పట్టు ఆడ ఉండాదా?" అన్నాడు. కోపంగా అని ఉంటే ఎదిరించేదాన్నేమో, కళ్లనీళ్లు పెట్టుకుని అన్నాడు. ఆ నెలలోనే ధర్మవరంలో మగ్గాలవాళ్లింటికి నన్నిచ్చి చేశాడు. చెప్పిపోదామని వెళితే మేడమ్ ఆ బొమ్మను సంచి తాడు నుంచి విప్పి నా గుప్పిట్లో పెట్టింది.

అత్తగారింట్లో రెండు మగ్గాలు, ఒకటే కిటికీ. పొద్దున మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటే దీపాలవేళకే లేవడం. గడప దాటాలంటే ఎవరో ఒకరు తోడుండాలి, ఆ తోడుకు ఏనాడూ తీరిక ఉండేది కాదు. బొమ్మను తాళంచెవుల తాడుకు కట్టి బొడ్లో దోపుకుని, ఊపిరాడనట్టయినప్పుడు దాని తొండం తడుముకునేదాన్ని.

ఒకరోజు పోగులు అతుకుతుండగా అత్త అది చూసి ఏందని అడిగింది. చెప్పాను. పారేయమంటుందని భయపడ్డాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లగా, "చెడ్డ కలలేనా? మంచివి కూడా తింటాదా?" అంది. తెలియదన్నాను.

"అయితే నాకియ్యి. చిన్నప్పటి నుంచి నాకు ఒకటే కల, రైలెక్కి యాడికో పోతాండట్టు. అది పోతే నిమ్మళంగా నేసుకుంటా."

ఇచ్చేశాను. కల పోయిందా అని అడిగే ధైర్యం నాకెప్పుడూ రాలేదు. ఆమె పోయినరోజు నడుమున ఉన్న ఆ బొమ్మను తీయబోయినవాళ్లను నేనే వద్దన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరినీ ఎవరూ ఆపరు. మనవరాలు బెంగళూరుకు బయలుదేరి, సగం దూరం పోయాక ఫోను చేసి చెబుతుంది. పాస్‌పోర్టు తీయిస్తాను, యాడికి కావాలంటే ఆడికి పోదాం అవ్వా అంటుంది. మా తరం ఆడవాళ్లకు ఈ మాట చెప్పేవాళ్లు దొరకడమే గొప్ప. సరే, ఎక్కడికి పోదామా అని ఆలోచిస్తూ కూర్చుంటాను. ఊళ్ల పేర్లు చాలానే తోస్తాయి. పోవాలన్న ఆనాటి తపన మాత్రం ఎంత వెతుక్కున్నా దొరకదు.