ఎండుచేపల దిబ్బ మీది గాలి

రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఏప్రిల్ ఆఖర్లో నన్ను నెల్లూరుకి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. మొదటి పని, విడవలూరు వైపు తీరంలో మత్స్యకారుల కోసం ఒక ప్రభుత్వ ఆఫీసు కట్టడం. ఏసీలు ఉండవు, గాలితోనే చల్లబడాలి.

పైనుంచి వచ్చిన నమూనా ప్లాను మెట్ట ప్రాంతానికి గీసింది: మందపాటి గోడలు, చిన్న కిటికీలు. అక్కడ ఎండని ఆపితే చాలు. తీరంలో బాధంతా ఉక్కపోతే. చెమట ఆరాలంటే గాలి ఒంటికి తగలాలి. సరుగుడు కర్రలకి రిబ్బన్లు కట్టి వారం రోజులు గాలి దిక్కు రాసుకున్నాను. మధ్యాహ్నం నుంచి ఆగ్నేయం. అటువైపు పెద్ద కిటికీలు, గాలి బయటికి పోవడానికి ఎదురు గోడలో పైన వెంటిలేటర్లు, వడగాలి కొట్టే పడమట మూసిన గోడ, గాలి వచ్చే వైపు వదిలి మిగతా చుట్టూ ఏడడుగుల ప్రహరీ పెట్టాను. స్థల పరిశీలన నోట్‌లో 'వెనక ఖాళీ స్థలం' అని రాసి సంతకం చేశాను. ఆ ప్లాను చూసుకుని మురిసిపోయాను కూడా.

చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ మధ్య నుంచి ఉన్న వేట నిషేధం జూన్ మధ్యలో ముగిసింది. అప్పటికి ప్రహరీ లేచింది, ఆఫీసు పునాదుల్లోనే ఉంది. నేను ఖాళీ అని రాసిన వెనక ఇసక దిబ్బ మీద చేపలు ఎండబెట్టే ఆడవాళ్ల తరఫున రమణమ్మ అనే ఆవిడ సైటుకి వచ్చింది.

"మీరు చూసినప్పుడు వేట లేదు సార్, దిబ్బ ఖాళీగా ఉండింది. మేం ఎప్పట్నుంచో ఈడే ఎండేసుకుంటా ఉండాం. ఇప్పుడు గోడ అడ్డమొచ్చి గాలాడక చేపకి పురుగు పడతా ఉండాది. ఇంక మేమేం అమ్ముకునేది?"

నా రిబ్బను కర్రే తీసుకెళ్లి దిబ్బ మీద పాతాను. గోడకి ఇవతల రెపరెపలాడిన రిబ్బను అక్కడ కదలకుండా వేలాడింది. ఇక ఆఫీసు కూడా లేస్తే ఆ కాస్త గాలీ ఉండదు. మత్స్యకారుల ఆఫీసు కడుతూ వేట నిషేధం సంగతే మరిచాను. నిజంగా సిగ్గేసింది.

మంజూరైన ప్లాను మార్చాలంటే కారణం రాసివ్వాలి. పరిశీలనలో పొరపాటు నాదేనని రాశాను. "దిగిపోయే ముందు కొరివితో తల గోక్కోవడం ఎందుకయ్యా" అన్నారు మా సూపరింటెండింగ్ ఇంజనీరు గారు. ఆమోదం మాత్రం ఇచ్చారు. ప్రహరీ కొట్టించి తీగ కంచె వేశాం. కింద నుంచి గాలి సాగేలా ఆఫీసుని స్తంభాల మీదికి ఎత్తాం. నాకు మెమో వచ్చింది.

కట్టడం పూర్తయ్యాక రమణమ్మని అడిగాను. "మునుపటంత లేదు సార్. అయినా ఎండతా ఉండాయి," అంది.

గాలి ఎటునుంచి వస్తుందో కొలవడం నాకు వచ్చు. అది నన్ను దాటి ఎవరి దగ్గరికి పోతుందో అడగాలని అక్కడే తెలిసింది. ఆ తర్వాత ఏ నోట్‌లోనూ 'ఖాళీ స్థలం' అని రాయలేదు.