గార్డు లాంతరు అద్దం

దేవమణికి కోపం వస్తే గిన్నెలు మోగవు. సైకిలు తీస్తుంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, సీటు మీద ఒక్క చరుపు చరిచి, రైల్వే క్వార్టర్ల మధ్యనుంచి వెళ్ళిపోతుంది. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళందరికీ ఆ చరుపు తెలుసు. ఆమె పురుళ్ళు పోసే మనిషి. తండ్రి భీమిలి వైపునుంచి వచ్చి యార్డులో రైలు పట్టాల పాయింట్లు మార్చేవాడు. ఆయన సైకిలు మీదే పరికిణీ రోజుల్లో తొక్కడం నేర్చుకుంది, మిషను ఆసుపత్రి నర్సమ్మ దగ్గర పని నేర్చుకుంది. తాల్‌బగీచా పేట దాటాక గుడిసెల్లో ఉండే ఆడవాళ్ళ దగ్గరికి రిక్షావాడు రాడు, డాక్టరు అసలే రాడు. మట్టిదారి మీద చేరేది దేవమణి సైకిలొక్కటే.

ఎనభై ఏడు చలికాలంలో గోడకి ఆనించిన ఆ సైకిలు జారి పడి డైనమో లైటు అద్దం పగిలింది. మొగుడు సమూయేలు సిగ్నళ్ళ దగ్గర ఫిట్టరు. "నాను సూసుకుంటాను, నువ్వూరుకో" అన్నాడు. తుక్కు దుకాణంలో రైలు గార్డు చేతి లాంతరు అద్దం ఒకటి ఏరుకొచ్చాడు. మధ్యలో ఉబ్బుగా, బొటనవేలంత మందంగా ఉంది. లైటు అంచు ఆకురాయితో అరగదీసి దాన్ని బిగించాడు. లైటుని నిటారుగా, ఎదుటి మనిషి ముఖానికి గురిపెట్టి నిలబెట్టాడు.

"సూడు. ప్రేమ్ బజార్ కాడ ఎలిగిస్తే తాల్‌బగీచాలో కొడతాది" అన్నాడు.

పాపం, అతని చదువు అది. వెలుతురు డ్రైవరు కంట్లో పడాలి, పడకపోతే రైలు ఆగదు. ఇరవై ఏళ్ళు అదే పని చేసినవాడికి లైటంటే అంతే. దారి కనబడటానికి కూడా లైటు పెట్టుకుంటారని రైల్వేలో ఎవరూ చెప్పలేదు.

మట్టిదారిలో ఆ అద్దం బాగానే పనిచేసింది. వంగిన వెదురు కొమ్మలూ ముళ్ళకంపలూ దూరంనుంచే తెలిసేవి. రోడ్డు మీద మాత్రం ఎదురొచ్చేవాళ్ళు ముఖాలు కప్పుకుని తిట్టేవారు. దేవమణి పట్టించుకోలేదు. సైకిలెక్కిన ఆడదాన్ని తిట్టని రోజు ఎప్పుడుంది కనుక?

ఒక సాయంత్రం చీకటి పడే వేళ, బజారులో బట్టల కొట్టు పెట్టుకున్న చెన్నకేశవరావు సైకిలు మీద ఎదురొచ్చి, కళ్ళు చెదిరి, మురిక్కాలువలో పడ్డాడు. మణికట్టు విరిగింది. దేవమణే లేవనెత్తింది, చేతికి కట్టు కట్టింది, రిక్షా ఎక్కించింది. కృతజ్ఞత ఎలా ఉంటుందో మర్నాడు సాయంత్రం తెలిసింది.

కట్టు చెయ్యి మెడకు వేలాడేసుకుని చెన్నకేశవరావు వాళ్ళ వరండాలోకి వచ్చాడు. దేవమణి వైపు చూడనైనా లేదు.

"సమూయేలూ, నీ ఆడదాని సైకిలు మానిపించీ. ఆడోళ్ళకి సైకిలేటి, సీకట్లో తిరుగుడేటి? నిన్న నా సెయ్యి పోయింది, రేపెవుడి పేనం పోతాదో!"

అద్దం బిగించినవాడు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. నోరు విప్పితే తప్పు తనదవుతుంది. చివరికి విప్పాడు.

"నిజవే బాబూ. సైకిలు అమ్మీస్తానులెండి."

దేవమణికి అరికాలి మంట నెత్తికెక్కింది. తాల్‌బగీచా అవతల జోగమ్మకు నెలలు నిండాయి. అంతకు ముందు పుట్టిన ఇద్దరూ మంత్రసాని అందక పోయారు. "ఈ గుంటైనా బతకాలమ్మా, నువ్వు రావాల" అని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఏడ్చి నాలుగు రోజులు కాలేదు. ఇక్కడ ఇద్దరు మగాళ్ళు కూర్చుని ఆ సైకిలు అమ్మేస్తున్నారు! అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

"నా బాబు ఇచ్చిన సైకిలు అమ్మడానికి నువ్వెవుడివి?" అంది. "లెగండి. ఇద్దరూ రోడ్డు మీదకి నడవండి."

ఆ గొంతు విని ఇద్దరూ లేచారు. మసక చీకట్లో వాళ్ళని రోడ్డు మధ్య నిలబెట్టి, తను ఆ చివరికి వెళ్ళి, అక్కణ్ణుంచి వాళ్ళ మీదికే తొక్కింది. చెన్నకేశవరావు మంచి చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. సమూయేలు వెనక్కి తగ్గి తగ్గి కంచెలో పడ్డాడు. వాళ్ళకి మూరెడు దూరంలో బ్రేకు వేసింది.

"ఏటి అగుపడినాది?"

"ఏటీ అగుపడలేదు" అన్నాడు చెన్నకేశవరావు.

"నా మొకం?"

"లేదు."

"తొక్కింది ఆడదో మగోడో తెలిసినాదా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"నిన్నా తెలీలేదు కదా. మరి నాను ఆడదాన్నవడం వల్ల నువ్వు పడినావని ఎలగ సెప్పినావు బాబూ?"

కంచెలోంచి సమూయేలు సన్నగా అన్నాడు. "అద్దం నాను బిగించినాను బాబూ. తప్పు నాదే."

ఆ మాట వరండాలో అని ఉంటే ఎంత బాగుండేది! దేవమణి అతని మీద కోపం వారం దాకా దించుకోలేదు, దించుకోవలసిన అవసరమూ లేదు.

మర్నాడు తనే సైకిలు షాపుకి వెళ్ళింది. ఉన్న అద్దాలన్నీ ఒక్కొక్కటే లైటుకి ఆనించి, చక్రం తిప్పి, గోడ మీద వెలుతురు పడేలా చూసింది. నిలువు చారల అద్దం ఒకటి వెలుతుర్ని అడ్డంగా పరిచింది. దాన్ని బిగించి లైటు ముక్కు కిందికి వంచితే, ఎంత దూరం నుంచి చూసినా వెలుతురు మనిషి మోకాలు దాటి పైకి పోలేదు. రోడ్డుకి అదే సరి. కానీ మట్టిదారిలో సైకిలు నెమ్మదిస్తే డైనమో మినుకుమంటుంది, పైన వేలాడే కొమ్మ ఆ అద్దానికి కనబడదు. అందుకని ఒక టార్చి కొని, పాత ట్యూబు ముక్కతో హేండిల్‌కి కట్టింది. రోడ్డున్నంతవరకూ చారల అద్దం, రోడ్డు అయిపోయాక టార్చి. "ఒకటి సాలదా మణెమ్మా?" అన్నాడు షాపువాడు. "రెండు దార్లకి ఒక దీపం సాలదు" అని టార్చి వెలిగించి చూసుకుంది.

జోగమ్మ బిడ్డ బతికిందని ముందే చెప్పేస్తాను, ఆ దిగులు మీకెందుకు. ఆమెకు నొప్పులొచ్చాయని కబురు వచ్చిన సాయంత్రం సమూయేలు "నానూ తోడొస్తాను" అంటే, "అద్దాలు బిగించడానికా?" అని దేవమణి సీటు చరిచి బయల్దేరింది.

ప్రేమ్ బజార్ రోడ్డు మీద చెన్నకేశవరావు నడిచి వస్తున్నాడు. సైకిలు అలికిడి వినగానే ఠక్కున ఒక పక్కకి తప్పుకుని కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వెలుతురు అతని చెప్పుల ముందునుంచి పాకింది. మెల్లగా చెయ్యి దించాడు. సైకిలు మీద మనిషి ముఖం కనిపించింది.

"ఎవురూ? దేవమణా?"

"నానే బాబూ. ఆడదాన్నే" అంది దేవమణి, తొక్కుడు ఆపకుండా.