చెప్పు పువ్వుకి కప్పిన శాలువా

మొన్న గవర్నర్‌పేటలో కొత్తగా పెట్టిన పూల దుకాణంలోకి, నిజం చెప్పాలంటే ఎండ తప్పించుకోవడానికే, వెళ్లాను. లోపల ఏసీ. అద్దాల అరలో వరసగా కుండీలు, ప్రతి కుండీలో ఒక్కో పువ్వు, ప్రతి పువ్వుకీ కింద చెప్పు ముందు భాగంలాంటి చిన్న సంచి. అన్నీ ఒకేసారి పూసి ఉన్నాయి, ఏ ఒక్కటీ మొండికేయకుండా. నాకు నవ్వొచ్చింది. దుకాణంలో అమ్మాయి "ఏం కావాలండీ?" అంటే "ఏం వద్దమ్మా, తెలిసినవాళ్లు కనబడితే ఆగాను" అన్నాను.

డెబ్బయిల్లో, ఈ గవర్నర్‌పేటలోనే ఒక టోకు బట్టల కొట్లో లెక్కలు రాసే పనిలో చేరిన కొత్తలో, భవానీపురంలో మా పెద్దమ్మ ఇంట్లో ఉండేవాణ్ణి. పెద్దమ్మ నర్సు. ఉద్యోగమంతా షిల్లాంగులో ఒక ఆసుపత్రిలో చేసి, రిటైరై వచ్చేటప్పుడు రెండు ట్రంకు పెట్టెలూ, ఒక బైబిలూ, ఒక మొక్కా తెచ్చుకుంది. చెప్పు ఆకారంలో పువ్వు పూస్తుందని వీధంతా చెప్పింది. అయిదేళ్లయినా అది పూయలేదు. చచ్చిపోయిందా అంటే అదీ లేదు. ఏడాదికి రెండు మూడు ఆకులు వేసి, వేళకి భోంచేసి కదలని చుట్టంలా కూర్చుంది. మల్లెకి చేసినట్టు ఆకులు దూసి, నీళ్లు మాన్పమని చెప్పినవాళ్లు కూడా ఉన్నారు. పెద్దమ్మ వినలేదు కాబట్టి బతికింది. ఎదురింటి భాయ్ గారికి మాత్రం అది రోజూ సాయంత్రం కాలక్షేపం. ఆయనది చెప్పుల షాపు. సైకిలు దిగుతూనే మా గేటు దగ్గర ఆగేవారు.

"సిస్టరు గారూ, కొత్త సరుకు దిగిందా?"

"దిగుతుందండీ. వారానికే కుట్లూడిపోయే రకం కాదు మాది."

"దిగినా ఒంటి చెప్పే కదండీ. రెండో కాలికేం చేద్దాం?"

నా చదువు పదితో ఆగింది కానీ లెక్కలు ఎవరూ చెప్పకుండానే పట్టుబడ్డాయి. మొక్కని కూడా లెక్కలాగే పట్టుకున్నాను. కొండల మొక్క కాబట్టి చల్లగా ఉంచాలి. వేసవి అంతా వరండా మూలలో వట్టివేళ్ల తడికలు కట్టి తడిపేవాళ్లం. ఒక ధర్మామీటరు కొని మేకుకి తగిలించాను. మధ్యాహ్నం బయట నలభై నాలుగుంటే మా మూలలో ముప్ఫై రెండు. ఆ తేడా చూసి కొట్లో ఎవరడిగినా అడక్కపోయినా చెప్పేవాణ్ణి. నవంబరు రాగానే ఇక భయం లేదని తడికలు విప్పేవాణ్ణి. అక్కణ్ణించి భయం పెద్దమ్మది. కృష్ణ మీద నుంచి చలిగాలి మొదలవగానే ఆమె తలకి మఫ్లరు చుట్టుకుని, మంచు పడుతుందంటూ మొక్కని ఎత్తుకొచ్చి వంటింట్లో కుంపటి పక్కన పెట్టేది. తెల్లారాక మళ్లీ వరండాలోకి. బాలింతకి కూడా అంత జాగ్రత్త జరగదు.

అయిదో ఏడు చలి మొదలయ్యాక పెద్దమ్మ ఒక నిర్ణయం చేసుకుంది. ఫిబ్రవరిలో చర్చి కూటాలకి షిల్లాంగు వాళ్లు వస్తున్నారు, తిరిగి వెళ్లేటప్పుడు వాళ్లతో మొక్కని పంపించేస్తుందట. "పూయాల్సింది పూయకుండా బతకడం దానికీ సుఖం కాదు" అంది, కందిపప్పులో రాళ్లు ఏరుతూ, నా వైపు చూడకుండా. ఆ రోజు పప్పులో రాళ్లన్నీ అలాగే ఉన్నాయి.

వారం తిరక్కుండానే నా మతిమరుపు కలిసొచ్చింది. ధర్మామీటరుని పెరట్లో నీళ్లతొట్టి పక్కన మరిచిపోయాను. తెల్లవారి చూస్తే పదిహేడు. వంటింట్లోకి తెచ్చి పెడితే ఇరవై ఆరుకి ఎక్కింది. పగలు వరండాలో ఇరవై ఎనిమిదే. అంటే మొక్కకి పగలూ రాత్రీ ఒకటే. ఇన్నాళ్లూ నేను కొలిచినవన్నీ మధ్యాహ్నాలు. కొండల మీదా పగలు ఎండ కాస్తుంది. అక్కడ ఉండి, మేం ఇవ్వనిది చల్లటి రాత్రి. మొహం కూడా కడుక్కోకుండా పరిగెత్తి పెద్దమ్మని లేపాను.

"రాత్రిళ్లు దాన్ని బయటే వదిలేద్దాం పెద్దమ్మా."

"న్యుమోనియా తెప్పిస్తావా?"

"మొక్కకి న్యుమోనియా ఏంటి?"

"నాకు చెప్పకు. ముప్ఫై ఏళ్లు వార్డులు చూశాను."

ఎలాగో ఒప్పించి తొట్టి పక్కన పెట్టాం. పొద్దున్నే వెళ్లి చూస్తే, మొక్క పెద్దమ్మ పాత శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. తీసేశాను. మర్నాడూ అంతే, ఈసారి ఊడకుండా పిన్నీసు కూడా పెట్టింది.

"షిల్లాంగులో వీటికి శాలువాలు ఎవరు కప్పారు?"

"అక్కడివాటికి అలవాటు రా. ఇది ఇక్కడి పిల్లయిపోయింది."

"ఇక్కడి పిల్లయితే పంపించడం దేనికి మరి?"

పెద్దమ్మ కాఫీ గ్లాసు నా ముందు కాస్త గట్టిగానే పెట్టింది. మరుసటి రోజు తెల్లారేసరికి శాలువా ఆమె భుజాల మీద ఉంది.

డిసెంబరు పోయింది, జనవరి పోయింది. మొక్కలో చలనం లేదు. కూటాలు అయిపోయాయి. షిల్లాంగు వాళ్ల రైలు మధ్యాహ్నం. పెద్దమ్మ బుట్టలో వరిగడ్డి పరిచి, కుండీ దించి, తాడు కట్టేసింది. చివరిసారని నేను తడిగుడ్డతో ఆకులు తుడుస్తుంటే, నడి ఆకుల మధ్య, లోతుగా, ఏదో నా వేలికి తగిలింది.

"కొత్త ఆకు" అంది పెద్దమ్మ.

"ఆకైతే పల్చగా మడత పెట్టినట్టు వస్తుంది. ఇది ఉబ్బి ఉంది."

ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. ఇద్దరం ఆశపడుతున్నాం కాబట్టి ఇద్దరి మాటా చెల్లదు. బనీనుతోనే ఎదురింటికి పరిగెత్తాను. భాయ్ గారు గడ్డం గీసుకుంటున్నారు. ఒక చెంప మీద సబ్బు నురగతోనే వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, తోలు నాణ్యం చూసే వేళ్లతో దాన్ని మెల్లగా పట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"ఆకు కాదు సిస్టరు గారూ. లోపల పాదం ఉంది."

వేళాకోళమేమోనని పెద్దమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఆయన నవ్వడం లేదు. ఆమే కూర్చుని తాడు విప్పింది. ఆ బుట్టలో షిల్లాంగుకి గోంగూర పచ్చడి వెళ్లింది.

కాడ లేవడం మొదలయ్యాక నాకు కొట్లో కుదురు లేదు. అక్కణ్ణించి టేపు తెచ్చి రోజూ కొలిచేవాణ్ణి. దిష్టి తగులుతుంది, కొలవకని పెద్దమ్మ కసిరి, మా ఇంట్లో దిష్టి నమ్మరని గుర్తొచ్చి తనే నవ్వేసింది. మార్చిలో ఒక ఉదయం విచ్చుకుంది. పైన పచ్చచారల టోపీ, పక్కల మీసాల్లా రెండు రేకులు, కింద తేనెరంగు చెప్పు, అప్పుడే పాలిష్ చేసినట్టు నిగనిగలాడుతూ. వాసన లేదు. ఎవరూ అడగలేదు కూడా. వీధంతా వచ్చింది. భాయ్ గారు తన చెప్పులు గేటు బయటే వదిలి లోపలికి వచ్చారు.

"ఎడమదా, కుడిదా?"

"ఏ కాలికైనా సరిపోతుందండీ. మీ షాపులో ఉందా అలాంటిది?"

"లేదు సిస్టరు గారూ" అన్నారాయన. ఓడిపోయి అంత సంతోషించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

పెద్దమ్మ పోయాక ఆ శాలువా నా దగ్గరికి వచ్చింది. డిసెంబరులో కప్పుకోబోయి, కాసేపు ఆగి, చలిని ఒంటికి తగలనిస్తాను. ఆ చలికాలం ఎంత చల్లనిదో అంకెతో సహా చెప్పగలను. ఎంత తొందరగా అయిపోయిందో కొలిచే పరికరం మాత్రం ఇంతవరకూ నాకు దొరకలేదు.