పాకం ముదిరిన ముద్ద

గల్లీలో అందరూ బాగున్నారా? మూలింటి పెద్దాయనకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? మేడ మీది బాలింత వేళకు తింటున్నదా? పిల్లలూ, మీ జలుబులు తగ్గాయా? ఎండలో చెప్పుల్లేకుండా తిరగకండి. ఇవన్నీ అడుగుతూ అసలు మాట దాటేస్తున్నాను. మన టీచరమ్మ మొన్న మంగళవారం పొద్దున దవాఖానలో కన్నుమూసింది. గుండె జబ్బు. ఇంటికి పంపిస్తామన్న రోజే పోయింది.

ఇరవై ఏండ్లు పక్కపక్క ఇండ్లలో ఉన్నాం. ఆమె బడిలో సైన్సు చెప్పి రిటైరైంది. నేను మూడో తరగతితో ఆపేసినదాన్ని. మన గల్లీ ఫోన్ గ్రూపులో పెట్టే ఈ ఉత్తరం కూడా మనవరాలు పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుతుంటే రాస్తున్నాను.

ఆదివారాలు ఆమె తన అరుగు మీద చిన్నపిల్లలకు పరమాణువుల గురించి చెబుతుందని తెలిసిన రోజు నాకు చెమటలు పట్టాయి. బాంబులో ఉండేది అదే కదా! మనవరాలిని రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. ఆమె నా వెనకే వచ్చింది.

“ఏందక్కా, పిల్లను గుంజుకొచ్చినవ్?”

“పేలితే ఎట్ల టీచరమ్మా?”

“నీ కొంగుల కూడ ఉన్నయి పరమాణువులు. పొద్దటిసంది పేలినయా?”

నేను కొంగు దులుపుకున్నాను. ఆమె గోడకు ఆనుకుని నవ్వింది.

ఒకసారి నా పోపుడబ్బాలోంచి ఆవగింజ ఒకటి తీసుకుని, పిల్లల్ని మైదానానికి తీసుకుపోయింది. గింజను నడుమ పెట్టి పిల్లల్ని అంచుల వెంట ఉరకమంది. “పరమాణువు ఈ మైదానమంత అనుకుంటే నడుమ కేంద్రకం గా గింజంతనే. బరువు మాత్రం దాదాపు అంత దాంట్లనే” అని చెప్పింది. వచ్చేటప్పుడు గింజ దొరకలేదు. నేను వంగి వెతుకుతుంటే “పోనీ అక్కా, కనబడకున్నా ఉంటది” అంది.

కేంద్రకం లోపల ఏముంటుందో చూపడానికి నా చేత ముద్దలు చేయించేది. పల్లీలు, పుట్నాలు, బెల్లం పాకం. పల్లీలంటే ప్రోటాన్లట, పుట్నాలంటే న్యూట్రాన్లట. పల్లీలకు ఒకదానికొకటి పడదట, దూరం నెట్టుకుంటాయట. పుట్నాలకు ఎవరితోనూ పేచీ లేదట. పక్కన ఆనుకున్నవాటిని మాత్రం పాకం పట్టి ఉంచుతుందట. చిన్న ముద్ద నిలుస్తుంది. మరీ పెద్దదైతే నెట్టుడు ఎక్కువై ముక్కలు రాలతాయి. దానికేదో పేరు చెప్పింది, నాకు నోరు తిరగదు.

పోయిన నెల “ఈసారి కొబ్బరికాయంత చెయ్యక్కా, పిల్లలు చూస్తుండంగ ఇరగాలె” అంది. విరిగితే నా చేతిపని బాగాలేదంటారని నాకు బెంగ. పాకం ముదరబెట్టి, ఇంకో బెల్లం గడ్డ వేసి, గట్టిగా ఒత్తాను. ఆమె “చూడుండ్రి, రాలతది” అని ముద్దను ఊపింది. రాలలేదు. అరుగుకేసి కొట్టింది. ఊహూ.

“టీచర్, రోకలి తేవాల్నా?” అంది ఒక పిల్ల. అందరూ ఒకటే నవ్వు. నేను తలుపు చాటుకు పోయాను.

“ఇటు రా అక్కా. బెల్లం పోసినవా, నీ ఫికరంత పోసినవా?” అని పిలిచి, పిల్లల వైపు తిరిగింది. “ఇసొంటి కేంద్రకాలు కూడ ఉంటయి. ఎన్నేండ్లయినా ఇరగయి.” పాఠం అక్కడి నుంచే నడిపించింది. నా తప్పు ఆ రోజు పాఠమైపోయింది.

దవాఖానలో ఆమెకు ఒకటే ధ్యాస. హసన్‌పర్తి చిన్నబడి పిల్లలకు ఈ పాఠం చెబుతానని మాటిచ్చింది.

“నేను లేవకపోతే నువ్వు పో. పాకం లేతగ పట్టు. ఇరగనియ్యి.”

“నాకేమొస్తది? తప్పు చెప్తే?”

“పిల్లలు అడుగుతరు. వాళ్లు అడగాలనే గద మనం పోయేది.”

ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, అంతే. ఆ మాట ఇయ్యకుండానే ఇంటికి వచ్చేశాను.

నిన్న ఆ బడి పెద్ద టీచరు ఫోన్ చేసి, ఇక పాఠం వద్దనుకుందామా అని అడిగింది. వద్దనే నా నోట్లోకి వచ్చింది. రేపు చెబుతానని పెట్టేశాను.

ఈ పొద్దున లేత పాకంతో ఒక పెద్ద ముద్ద చేశాను. ఎత్తగానే అంచు నుంచి నాలుగు పల్లీలు రాలి గచ్చు మీద దొర్లాయి. అలవాటుగా పక్కింటి వైపు చూశాను. తలుపుకు తాళం. అరుగు మీద ఎండ పడి ఉంది. పల్లీలు ఏరబోయి, ఆగిపోయాను. కాసేపు అలాగే ఉండనిచ్చాను.

తర్వాత బడికి ఫోన్ చేశాను. వచ్చే శనివారం, పొద్దున పది గంటలకు, ముద్ద పట్టుకుని హసన్‌పర్తికి వస్తున్నానని చెప్పాను.