టైర్లు కొనే ముందు అచ్యుతాపురం దాకా

సుధీర్ నా భార్య తమ్ముడు. అచ్యుతాపురం సెజ్‌లో ఒక మందుల కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. రెండేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో ఆరువందల సీసీ స్పోర్ట్స్ బైక్ కొన్నాడు. మొన్న జూలైలో ఉదయం షిఫ్టుకి వెళ్తూ పరవాడ దాటాక పడ్డాడు. అతనికి భుజం ఎముక విరిగి అతికింది. వెనక కూర్చున్న అప్పలరాజుకి కుడికాలి ఎముకలో రాడ్ వేశారు. ఇద్దరూ ఒకే సెక్షన్‌లో పనిచేస్తారు, చిన్నప్పుడు ఒకే బడి. నాలుగు నెలలైనా అప్పలరాజు చంకకర్ర వదల్లేదు. "టైరు జారిపోనాది బావ" అని సుధీర్ ఆసుపత్రిలో చెప్పాడు. ఆ తర్వాత అడిగినవాళ్ళందరికీ అదే మాట చెప్పాడు. నెలాఖరుకి అప్పలరాజు మళ్ళీ డ్యూటీలో చేరాలి. కొత్త టైర్లు వేయించి అతన్ని మునుపటిలాగే వెనక ఎక్కించుకుని తీసుకెళ్ళాలని సుధీర్ పట్టుదల. ఈ ప్రయాణం అలా మొదలైంది.

అంతకు ముందు ఆదివారం మద్దిలపాలెంలో ఒక టైర్ల దుకాణానికి వెళ్ళాం. అక్కడి సేల్స్‌మన్ మూడు రకాలు చూపించాడు. మొదటిది రేస్ ట్రాక్ రకం. రబ్బరు మెత్తగా ఉంటుంది, వేడెక్కితే రోడ్డుని బాగా పట్టుకుంటుంది. వేడెక్కకపోతే, అందులోనూ తడిలో, ఆ పట్టు ఉండదు. రెండోది దూరప్రయాణాలకు చేసిన స్పోర్ట్ టూరింగ్ రకం. మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటిది, నీళ్ళు బయటికి తోయడానికి లోతైన గాడులు. మూడోది చవక రకం. ఎక్కువ కాలం అరగదు, కానీ ఇంత వేగంగా పోయే బండికోసం చేసినది కాదు. అతను మొదటిదాన్నే చేత్తో తడుతూ "బండి రేంజికి ఇదే సార్, మిగతావి వేస్తే గుర్రానికి గాడిద నాడా కొట్టినట్టే" అన్నాడు. ఏ రోడ్డు మీద నడిపే బండి అని మాత్రం అడగలేదు. పడిన రోజు సుధీర్ బండికి ఉన్నవీ ఆ మొదటి రకమే. నేను కొనుగోలు ఆపించాను. ముందు ఆ రోడ్డు చూద్దామన్నాను.

తర్వాతి ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకి నా పాత స్కూటర్ మీద, సుధీర్ ఉండే జాలరిపేట నుంచి బయల్దేరాం. అక్కడి నుంచి అచ్యుతాపురానికి సుధీర్ వెళ్ళే దారి రమారమి నలభై అయిదు కిలోమీటర్లు. బీచ్ రోడ్డు, పాతనగరం, పోర్టు రోడ్డు, షీలానగర్, గాజువాక, లంకెలపాలెం, పరవాడ. రానూపోనూ రెండు లీటర్ల పెట్రోలు చాలు. తీరంలో తెప్పలు అప్పుడే చేరుతున్నాయి. గంపలు కడిగిన నీళ్ళు వీధికి అడ్డంగా పారి బీచ్ రోడ్డు దాకా వచ్చాయి. చేపలు ఏరుకుంటున్న ఒక పెద్దావిడ సుధీర్‌ని చూసి చెయ్యి ఆపింది.

"ఏటి బాబూ, ఈదంతా లేపేసి ఎల్లేటోడివి, ఇయ్యాల స్కూటరెనక కూకున్నావేటి?"

"బండికి బాగోలేదు పిన్నీ."

"బండికా, నీకా?" అని ఆమె మళ్ళీ గంపలోకి వంగింది. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు నవ్వారు. సుధీర్ నవ్వలేదు.

నేను బూటుతో ఆ నీళ్ళని రుద్ది చూశాను. పొలుసు, జిడ్డు కలిసి సబ్బు నురగలా జారుతోంది. బండి స్టార్టు చేసిన మొదటి నిమిషంలోనే సుధీర్ దాటేది ఇది. అప్పటికి ఏ టైరూ వేడెక్కదు. పోర్టు రోడ్డులో ఇంకోరకం. లారీల మీంచి రాలిన బొగ్గు పొడి రోడ్డంచున పేరుకుని, రాత్రి మంచుకి తడిసి నల్లటి పేస్టులా ఉంది. గాజువాక వైపు లారీలు ఆగేచోట ఆయిల్ మరకలు. దారి మొత్తంలో బండి గట్టిగా వంచాల్సిన మలుపులు నాకు కనిపించలేదు. టైరు మధ్యభాగం అరిగి పలకలా తయారయ్యే రోడ్డు ఇది. ట్రాక్ టైరుకి కావలసిన వేడి ఇక్కడ పుట్టదు.

షీలానగర్ దగ్గర ఒక ట్రెయిలర్‌ని దాటుతుంటే సుధీర్ నా భుజాన్ని రెండుసార్లు తట్టాడు. దాటాక ఆపాను.

"ఎందాకా పిలిసేది బావ? మెల్లగా, మెల్లగా అని అరుత్తన్నాను."

"వినపడలేదు. హెల్మెట్ ఉంది."

"ఎనకనించి ఏటీ కనపడదు. నీ బుర్ర తప్ప."

గాజువాకలో ఒక బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు. తర్వాత లంకెలపాలెం దగ్గర హైవే వదిలి ఎడమకి తిరిగి, పరవాడ దాటి, పడినచోట ఆగాం. ఒక కల్వర్టు, దాని ముందు ఎడమవైపుకి చిన్న వంపు. తారు బాగానే ఉంది. గుంత లేదు, కంకర లేదు. సుధీర్ రోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడి చెప్పాడు. ఆ రోజు వానతుంపర, వెనక టైరు పక్కకి పోయింది, తర్వాత ఏమీ గుర్తులేదు. నేను వంపుని రెండువైపులా నడిచి చూశాను. మామూలు వేగంలో నా స్కూటరు కూడా జారే చోటు కాదది. అక్కడ ఇంకేమీ తేలలేదు. అచ్యుతాపురం కూడలి దాకా వెళ్ళి, టీ తాగి వెనక్కి తిరిగాం.

అప్పలరాజు ఇల్లు లంకెలపాలెంలోనే. మేం వెళ్ళేసరికి వరండాలో కుర్చీలో ఉన్నాడు, కుడికాలు ఎదురుగా స్టూలు మీద చాపి. వాళ్ళమ్మ మా ముగ్గురికీ రాగులతో కాచిన చోడంబలి, ఉల్లిపాయ తెచ్చిపెట్టింది. సుధీర్ గ్లాసు ముట్టకుండానే ఫోన్లో టైర్ల ఫోటోలు చూపించడం మొదలుపెట్టాడు.

"ఇది సూడరా. మద్దిన గట్టి, సైడ్లు మెత్తన. వానలో నీళ్ళు తోసేత్తాది. రోడ్డంతా సూసొచ్చాం. ఇంక బయం లేదు."

అప్పలరాజు ఫోను చేతిలోకి తీసుకుని చూసి తిరిగి ఇచ్చేశాడు. వాళ్ళమ్మ లోపలికి వెళ్ళేదాకా ఆగాడు.

"మరి బస్సో?"

"ఏ బస్సు?"

"కంపినీ బస్సు. మనోళ్ళు కిటికీలోంచి సెయ్యూపినారు. నువ్వు గేరు దింపేసి రేజ్ సేసినావు, ఒంపులోనే. నీ నడుం పట్టుకుని వద్దురా వద్దురా అన్నాను."

"నాకినపడలేదురా."

"ఇనపడలేదని నాకూ తెల్సు. అందుకే ఎవరికీ సెప్పలేదు. అమ్మకీ సెప్పలేదు."

సుధీర్ ఫోను వైపే చూస్తున్నాడు. తెర ఆరిపోయినా చూస్తున్నాడు.

"టైరేటి సేసింది పాపం," అన్నాడు అప్పలరాజు. గొంతులో కోపం లేదు. "అంతా దానిమీద ఎట్టేత్తే, ఇంకో టైరు ఏసుకుని మళ్ళీ అదే సేత్తావు."

తర్వాత సుధీర్ నావైపు తిరిగి అన్నాడు. "నిజమే బావ. రేజ్ సేసినాను."

చల్లటి ట్రాక్ టైరు, తడి రోడ్డు, వంపులో ఒక్కసారిగా తిప్పిన యాక్సిలరేటరు. వెనక చక్రం తిరిగిపోవడానికి అవి చాలు. టైరు ఆ రోడ్డుకి తగినది కాదు, అది నిజం. చెయ్యి సుధీర్‌ది, అదీ నిజం. నాలుగు నెలలుగా మా ఇంట్లో మొదటి నిజం ఒక్కటే వినపడింది.

"నెలాఖరుకి నా ఎనక రావా మరి?" అని సుధీర్ అడిగాడు.

అప్పలరాజు స్టూలు మీది కాలుని రెండు చేతులతో పట్టుకుని మడవబోయాడు. మోకాలు కొంతవరకే వంగింది. స్పోర్ట్స్ బైక్‌కి వెనకవాళ్ళు కాళ్ళు పెట్టే పెగ్గులు ఎత్తులో ఉంటాయి. మోకాలు పూర్తిగా మడిస్తే తప్ప అక్కడ కూర్చోవడం కుదరదు. మూడు రకాల టైర్లు చూశాం, నలభై అయిదు కిలోమీటర్ల రోడ్డు చూశాం. ఈ సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

"ఇంతకంటే ఒంగదు. బస్సులో ఎల్తాను," అన్నాడు అప్పలరాజు. "దారి పక్క సీటయితే కాలు సాపుకోవచ్చు. నువ్వూ రా కొన్నాళ్ళు. కిటికీ పక్కది నీకు అట్టిపెడతాను. సెయ్యూపుకుందువు గాని."

సుధీర్ అంబలి గ్లాసు తీసుకుని తాగాడు. తల మాత్రం ఎత్తలేదు.

తిరుగుదారిలో మద్దిలపాలెం చేరేసరికి పన్నెండయింది. సుధీర్ స్పోర్ట్ టూరింగ్ రకమే తీసుకున్నాడు. బిగించడం, బ్యాలెన్సింగ్‌తో కలిపి జత ముప్పై వేలకి కాస్త అటూ ఇటూ అవుతుంది. టైరు పక్కభాగం మీద అచ్చయిన నాలుగు అంకెలు చూసి తీసుకోండి. మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. సేల్స్‌మన్ పూజకి మెరుస్తుందని కొత్త టైర్ల మీద నల్ల పాలిష్ కొట్టబోతే సుధీర్ వద్దన్నాడు. అది రోడ్డుకి తగిలేచోట అంటితే జారుతుంది.

నెలాఖరు దాటింది. కొత్త టైర్లని మొదటి నూటయాభై కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి గరుకెక్కించాలి. సుధీర్ ఆదివారాలు ఒక్కడే ఆ పని చేస్తున్నాడు. మిగతా రోజుల్లో చీకటితోనే సిటీ బస్సెక్కి గాజువాకలో దిగి, కంపెనీ బస్సు కోసం నిలబడతాడు. లంకెలపాలెంలో అప్పలరాజు ఎక్కేటప్పుడు చంకకర్ర అందుకునేది అతనే. మొదటిరోజు ఆ కల్వర్టు దగ్గర ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూశారట. ఈ మాట చెప్పింది అప్పలరాజే. ఏ దుకాణంలో అడిగినా టైరు గురించి చెబుతారు. ఆ ఉదయం ఏం జరిగిందో వెనక సీట్లో ఉండి తెలుసుకున్నవాడు మాత్రం ఒక్కడే ఉన్నాడు. నాలుగు నెలలు మేమెవరం అతన్ని అడగలేదు. విలేకరిగా అడగడమే వృత్తిగా బతికిన నేను కూడా అడగలేదు.

పెద్ద బండికి టైర్లు కొనబోయేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. డబ్బు కట్టే ముందు మీరు రోజూ వెళ్ళే దారిని ఎవరిదైనా చిన్న బండి మీద, వెనక సీట్లో కూర్చుని ఒక్కసారి చూసిరండి.